స్క్విడ్ ప్రాక్సీ సడన్‌గా ఆగిపోతోందా? ముందు ఈ 1024 సంగతి చూడండి

పరిటాలలో హైవే పక్కనే ఉన్న ఓ స్టూడెంట్స్ హాస్టల్‌కి వైఫై నేనే చూస్తుంటాను. పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, ఉబుంటు, దాని మీద స్క్విడ్ ప్రాక్సీ. మొన్న ఓ కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్‌కి ముందు రోజు రాత్రి పిల్లలంతా మాక్ టెస్ట్ పెట్టుకున్నారు. పది నిమిషాలకే గోల మొదలైంది. అప్పటికే లోపలికి వెళ్లినవాళ్లకి బాగానే నడుస్తోంది, కొత్తగా లాగిన్ అయ్యేవాళ్లకి మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. "అన్నా, రేపు ఇలాగే ఐతే మా పనైపోయినట్టే" అన్నాడొకడు.

లైన్ చూశాను, స్పీడ్ ఫుల్. ర్యామ్ సగం ఖాళీ, సీపీయూ చల్లగా ఉంది. చివరికి స్క్విడ్ వాళ్ల క్యాష్ లాగ్ తెరిస్తే దొంగ దొరికాడు: ఫైల్ డిస్క్రిప్టర్లు అయిపోతున్నాయని వార్నింగ్.

ఇదేంటో తెలియనివాళ్లకి: గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో టోకెన్లు ఇస్తారు కదా, అలాంటిదే. లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచినా, ఏ నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టుకున్నా కెర్నల్ ఒక నంబర్ ఇస్తుంది. టోకెన్లు అయిపోతే, ఎవరో ఒకరు వెనక్కిచ్చేదాకా కొత్తవాళ్లు బయట నిలబడాల్సిందే. మామూలుగా ఒక ప్రాసెస్‌కి వచ్చే సాఫ్ట్ లిమిట్ 1024.

వినడానికి ఎక్కువే. కానీ ప్రాక్సీ మధ్యవర్తి కాబట్టి ఒక్కో కనెక్షన్‌కి కనీసం రెండు టోకెన్లు తింటుంది: ఫోన్ వైపు ఒకటి, వెబ్‌సైట్ వైపు ఒకటి. హాస్టల్‌లో 120 మంది, మనిషికి ఐదు కనెక్షన్లు వేసుకున్నా 600, రెండింతలు చేస్తే 1200. ఒక్క బ్రౌజరే ఐదారు తెరుస్తుంది, వెనకాల వాట్సాప్, ఇన్‌స్టా వేరే. దాటకపోతేనే ఆశ్చర్యం.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఎక్కడో చదివింది గుర్తొచ్చి, ఈటీసీ ఫోల్డర్‌లోని సెక్యూరిటీలో ఉండే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో 65536 రాసి సర్వర్ రీస్టార్ట్ చేశాను. టెర్మినల్‌లో యులిమిట్ అడిగితే 65536 అనే చూపించింది. అబ్బ, అయిపోయింది అనుకున్నా. పిల్లలు మళ్లీ ఎక్కగానే మళ్లీ అదే వార్నింగ్! ఓ గంట వృథా.

ఆ ఫైల్ లాగిన్ అయ్యే మనుషులకి మాత్రమే పనిచేస్తుంది. స్క్విడ్‌ని లేపేది సిస్టమ్‌డీ, అది ఆ ఫైల్ వైపు కూడా చూడదు. అందుకని రూట్‌గా సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ స్క్విడ్ కొట్టి, సర్వీస్ సెక్షన్ కింద లిమిట్‌నోఫైల్ విలువ 16384 అని రాయాలి. పేరు చూసి ఫైలే వద్దంటోందని కంగారు పడకండి, నంబర్ ఆఫ్ ఫైల్స్ అని దానర్థం. స్క్విడ్ కాన్ఫిగ్‌లో మ్యాక్స్ ఫైల్‌డిస్క్రిప్టర్స్ అనే లైన్‌కి కూడా అదే అంకె ఇచ్చాను. తర్వాత స్క్విడ్‌ని పూర్తిగా రీస్టార్ట్ చేయాలి, రీలోడ్ చాలదు.

ఈసారి టెర్మినల్ మాట నమ్మలేదు. ప్రాక్ ఫోల్డర్‌లో స్క్విడ్ ప్రాసెస్ నంబర్ కింద లిమిట్స్ అనే ఫైల్ ఉంటుంది, అందులో మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్ లైన్ చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. స్క్విడ్ పేరుతో రెండు ప్రాసెస్‌లు కనిపిస్తే, ప్రాక్సీ యూజర్ కింద నడిచేదాన్నే చూడండి, పని చేసేది అదే.

మరి పది లక్షలు పెట్టేస్తే? వద్దు. తెరిచిన ప్రతి కనెక్షన్‌కీ మెమరీ ఖర్చుంటుంది, 4 జీబీ డబ్బాకి 16384 చాలా ఎక్కువే. ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకి ఇదే పని వర్కర్ ఆర్‌లిమిట్ నోఫైల్ అనే సెట్టింగ్‌తో జరుగుతుంది.

పొద్దున పది దాటాక, టెస్ట్ నడుస్తుండగా, క్యాష్ మేనేజర్ ఇన్ఫో పేజీ తెరిచి చూశాను. వాడుకలో ఉన్న డిస్క్రిప్టర్లు 1,437. లాగ్‌లో కొత్త వార్నింగ్ ఒక్కటీ లేదు.