కర్రపెండలం చేనుకి లెక్కల పుస్తకం

కర్రపెండలం మనకి తెలియనిదా? నిప్పుల్లో కాల్చుకు తింటాం. మిగిలింది సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకి పోతుంది. కానీ వాన లేనప్పుడు ఆ మొక్క ఏం చేస్తుందో గమనించారా?

నేల ఆరగానే ఆకుల్లోని పత్రరంధ్రాలు మూసుకుంటాయి. తరువాత కింది ఆకులు రాల్చేస్తుంది. చచ్చిపోయిందనుకుంటాం. చావలేదు! వాన పడగానే కాండంలో, దుంపలో దాచుకున్న పిండిపదార్థం తీసి కొత్త ఆకులు వేస్తుంది. అంటే ఖర్చు దుంపదే. అప్పుడే తవ్వితే పిండి తక్కువ వస్తుంది.

శాస్త్రవేత్తలు ఈ నడవడినంతా కంప్యూటర్లో లెక్కగా రాశారు. దాన్నే క్రాప్ మోడల్ అంటారు. రోజూ ఎండ, వేడి, వాన ఎంతో చెబితే, ఆ రోజు మొక్క ఎంత ఆహారం తయారుచేసింది, ఆకులకీ కాండానికీ పోను దుంపకి ఎంత మిగిలింది అని లెక్క కడుతుంది. మన దేశంలో దుంప పంటల మీద పరిశోధనకి కేరళలోని శ్రీకార్యంలో 1963లోనే కేంద్రం పెట్టారు.

నీటి లెక్క మనమూ చెయ్యొచ్చు. చదరపు మీటరు నేల మీద 1 మి.మీ. వాన అంటే 1 లీటరు నీళ్ళు. నేలని కుండ అనుకోండి. వేళ్ళకి అందేలోతులో 60 మి.మీ. నీళ్ళున్నాయి, మొక్కా ఎండా కలిసి రోజుకి 4 మి.మీ. లాగేస్తున్నాయి అనుకుంటే, 60÷4 = 15 రోజులు. మధ్యలో 20 మి.మీ. వాన పడితే ఇంకో 5 రోజులు. (నిజానికి తడి తగ్గేకొద్దీ మొక్క తక్కువ తాగుతుంది. మోడల్ అదీ చూసుకుంటుంది.)

లేత మొక్కకి వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి దాని కుండ చిన్నది. అందుకే మొదటి 3 నుంచి 5 నెలల్లో బెట్ట వస్తే దిగుబడి బాగా పడిపోతుంది. మా నాన్న పోయినేడు మే నెలలో తొలి వానకే కర్రముక్కలు నాటాడు. తరువాత ఇరవై రోజులు చినుకు లేదు. సగం ఎండిపోయాయి. పెదనాన్న దగ్గర కర్ర అడిగి మళ్ళీ నాటాల్సొచ్చింది. మోడల్‌కి ఒక ఊరి పాత వానల లెక్క ఇస్తే, మేలో నాటితే ఎన్నేళ్ళు ఇలా అయ్యేది, జూన్‌లో అయితే ఎన్నేళ్ళు అని ఒక్క కర్ర కూడా పాడుకాకుండా చెబుతుంది.

అడవిపందుల సంగతి మాత్రం దానికి తెలీదు!

అయితే పాత వానల లెక్క మన ఊళ్ళో ఎవరు రాశారు? అందుకే నిలువు గోడలున్న డబ్బా ఒకటి బడి వెనక ఆరుబయట పెట్టాం. రోజూ పొద్దున్నే స్కేలుతో కొలిచి ఈ పత్రిక కింది మూలలో రాస్తున్నాం. సెలవుల్లో ఎవరు కొలుస్తారో ఇంకా తేలలేదు. దగ్గర ఊరివాళ్ళు పేరివ్వండి.