పాత వంతెనకు తోడుగా కొత్త వంతెన

ఈ ఏడాది మా తరగతిలో "వంతెన" అనే మాట నేర్పుతూ అరిజోనాలోని నవాహో వంతెనల ఫోటో చూపించాము. మార్బుల్ కాన్యన్ లోయ మీద, ఇంచుమించు ఒకేలా కనిపించే రెండు ఉక్కు వంతెనలు పక్కపక్కనే ఉంటాయి. "రెండెందుకు మాస్టారూ? పాతది కూల్చేసి అక్కడే కొత్తది కట్టొచ్చు కదా!" అన్నాడొక అబ్బాయి. నిజం చెప్పాలంటే, ఇంజనీరింగు చదివిన మాకు కూడా మొదట అదే తోచింది. అందుకే ఆ ప్రశ్ననే ఈసారి పాఠంగా తీసుకున్నాము.

పూర్వం అక్కడ కొలరాడో నదిని దాటాలంటే లీస్ ఫెర్రీ దగ్గర బల్లకట్టు ఎక్కాల్సిందే. 1928 జూన్‌లో అది బోల్తాపడి ముగ్గురు చనిపోయారు. ఆ తరువాత బల్లకట్టు మళ్ళీ నడవలేదు. అప్పటికి వంతెన పని ఇంకా పూర్తి కాలేదు. ఎదురుగా కనిపించే అవతలి గట్టుకు సామాను చేర్చాలంటే సుమారు 800 మైళ్ళు చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చేది! 1929లో వంతెన తెరిచాక ఆ బాధ తీరింది.

నది 467 అడుగుల లోతున ఉంది. అంత ఎత్తుకు కింది నుంచి స్తంభాలు లేపడం తేలిక కాదు. అందుకే కమాను కట్టారు. కమాను తన మీద పడిన బరువును రెండు వైపులా ఉన్న కొండరాతిలోకి నెడుతుంది. బరువు మోసేది ఉక్కు మాత్రమే కాదు, కొండ కూడా!

మరి ఇబ్బంది ఎక్కడ వచ్చింది? పిల్లలూ, ఒక చిన్న లెక్క చేద్దాం. పాత వంతెన మీద రోడ్డు వెడల్పు 18 అడుగులు. నేటి పెద్ద ట్రక్కు వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. రెండు ట్రక్కులు ఎదురుపడితే 17 అడుగులు పోగా మిగిలేది ఒక్క అడుగు! పైగా 1920లలో వేసిన డిజైను నేటి బరువులకు చాలదు.

పాతదాన్నే వెడల్పు చేస్తే? రోడ్డు పెరిగితే వంతెన సొంత బరువూ పెరుగుతుంది. దాన్ని మోయడానికి కమానుకు కొత్త ఉక్కు తగిలించాలి. చివరికి పాత వంతెన రూపమే మారిపోతుంది. కూల్చేస్తే అసలు మిగలదు. అందుకని పక్కనే 44 అడుగుల రోడ్డుతో కొత్త వంతెన కట్టి 1995లో తెరిచారు. పాత కమాను పొడవు 616 అడుగులు, కొత్తది 726 అడుగులు. కానీ పాతదాని పక్కన ఎబ్బెట్టుగా ఉండకుండా, దాని పోలికలోనే ఉక్కు కమానుగా కట్టారు.

ఇప్పుడు వాహనాలన్నీ కొత్తదాని మీద వెళతాయి. పాతదాని మీద మనుషులు నడుస్తారు, ఆగి నదిని చూస్తారు. అదృష్టం బాగుంటే కాండోర్ పక్షులు కూడా కనిపిస్తాయి.

మన రాజమహేంద్రవరంలోనూ ఇలాంటిదే జరిగింది. 1900లో మొదలైన హేవలాక్ వంతెన గోదావరి మీద దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసింది. కొత్త కమాను వంతెన వచ్చాక, 1997లో దానికి విశ్రాంతి దొరికింది.

పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది రాయడం మా ఉద్యోగంలో రోజూ ఉండేదే. కానీ పాతదాన్ని కాపాడటమంటే దాని చేత పాత పనే చేయించడం కాదనీ, మోయలేని బరువు దించి, చేయగల పని అప్పగించడమనీ ఈ పాఠం చెబుతూ మేమే నేర్చుకున్నాము. ఆ అబ్బాయికి కృతజ్ఞతలు!

అభ్యాసం: మీ ఊళ్ళో పాత వంతెన ఏదైనా ఉందా? అది ఎప్పుడు కట్టారో, ఇప్పుడు దాని మీద ఎవరు వెళుతున్నారో అమ్మానాన్నలను అడిగి, తెలుగులో ఐదు వాక్యాలు రాయండి.