ఓడిన ఓటుకూ కుర్చీ కావాలి

ప్రొద్దుటూరులో పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఎన్నికల డ్యూటీలు చేశాను. పార్టీలకు పడిన ఓట్ల దామాషాలో సీట్లు పంచే పద్ధతి మనకు మంచిదేనా సార్ అని నా పాత శిష్యులు కొందరు అడుగుతున్నారు. మంచిదేనని నా నమ్మకం. ఎందుకో, ఎంతవరకో ఈ మూడు ఊళ్లు నేర్పిన దాన్నిబట్టి చెబుతాను.

1. ముందు లెక్క చూడండి, పార్టీ తర్వాత.

2019లో మన రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల్లో వైసీపీకి 49.95 శాతం ఓట్లతో 151 సీట్లు వచ్చాయి. 39.17 శాతం తెచ్చుకున్న టీడీపీకి 23. 2024కు వచ్చేసరికి టీడీపీకి 45.6 శాతంతో 135, వైసీపీకి 39.37 శాతంతో 11. రెండుసార్లూ ఓడిన పార్టీ వెనక పదిమందిలో దాదాపు నలుగురున్నారు. దామాషా లెక్కన 175లో రెండుసార్లూ వాళ్లకు 68, 69 సీట్లు రావాలి. పద్ధతి మారితే పొత్తులూ మారతాయి, జనం ఓటేసే తీరూ మారుతుంది, కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా ఒక సంగతి గట్టిగా చెప్పొచ్చు. 2024లో టీడీపీ కూటమిలోని మూడు పార్టీలకూ కలిపి 55 శాతం దాటింది. దామాషాలోనూ ప్రభుత్వం వాళ్లదే అయ్యేది. ఎదుటి పక్షం మాత్రం ప్రతిపక్ష హోదా కూడా దక్కని స్థితికి పోయేది కాదు.

2. ఓడిన ఓటరు బతకాల్సింది ఆ ఊళ్లోనే.

ఈ చర్చంతా పార్టీల బాధ అనుకుంటారు చాలామంది. నాకు ఓటరు బాధే పెద్దది. పులివెందులలో 1978 నుంచి ప్రతి ఎన్నికలోనూ వై.ఎస్. కుటుంబం వాళ్లే గెలిచారు. జనం మెచ్చి గెలిపించారు, దాన్ని తప్పుపట్టను. కానీ 2024లో అక్కడ జగన్‌కు 1,16,315 ఓట్లు పడితే, ఎదురు నిలబడిన టీడీపీ అభ్యర్థికి 54,628 పడ్డాయి. ఆ యాభై నాలుగు వేల మందికి సభలో తమవాడు లేడు. నలభై ఏళ్లు దాటినా వాళ్లు ఓటేసినవాడు ఒక్కసారీ అక్కడి నుంచి అసెంబ్లీకి పోలేదు. అదే ఏడాది ప్రొద్దుటూరులో టీడీపీ 22,744 మెజారిటీతో గెలిచింది. అక్కడ వైసీపీకి వేసిన దాదాపు 84 వేల మందికీ ఈసారి తమ ఊరి నుంచి సభలో తమవాడు లేడు.

పట్నంలో ఇది పెద్దగా తెలియదు. పల్లెలో తెలుస్తుంది. ఇంటి పట్టా, పింఛను, పొలానికి కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, ఆసుపత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు, వీటిలో దేనికైనా ఎమ్మెల్యే మాట కావాలి. ఎగస్పార్టీ వాడని పేరు పడినవాడు ఎవరి గడప తొక్కాలి? ఒక్క ఓటు ఎక్కువొస్తే అన్నీ, ఒక్కటి తగ్గితే ఏమీ లేదు అన్నప్పుడు ఆ ఒక్కటి కోసం మనుషులు ఎంతకైనా తెగిస్తారు. మన జమ్మలమడుగు తాలూకా పల్లెల్లో ఫ్యాక్షన్‌కు కారణాలు చాలా ఉన్నాయి, భూమి, కాంట్రాక్టులు, పాత పగలు. ఈ ఎన్నికల పద్ధతి వాటిని పుట్టించలేదు. కానీ ఐదేళ్లకొకసారి ఆ పగకు మేత వేస్తోందని ఎన్నో పోలింగ్ బూత్‌లలో కూర్చుని చూసిన నా అభిప్రాయం.

3. ప్రాధాన్య ఓటు మనకు కొత్త కాదు.

ఓటు వృథా కాకుండా చూసే ఇంకో దారి ప్రాధాన్య ఓటు. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గుర్తుందా? కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాల పట్టభద్రులు ఓటేశారు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైసీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి పద్దెనిమిది వందల పైచిలుకు ఆధిక్యంలో ఉన్నారు. మామూలు ఎన్నికైతే కథ అక్కడితో ముగిసేది. కానీ చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలని నియమం, అది ఎవరికీ రాలేదు. కింద నుంచి ఒక్కొక్కరినే తొలగిస్తూ వాళ్ల బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యాలు కలుపుతూ పోయారు. వామపక్షాలు బలపరిచిన పీడీఎఫ్ ఓట్లలో ఎక్కువ భాగం టీడీపీకి చేరాయి. రెండో ప్రాధాన్యం ఒకరికొకరు వేసుకోవాలని ఆ రెండు పక్షాలూ ముందే అనుకున్నాయి. చివరకు పులివెందుల ప్రాంతానికి చెందిన టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి 7,543 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పీడీఎఫ్‌కు వేసినవాళ్ల ఓటు వృథా కాలేదు. ఎవరు గెలవాలో తేల్చింది వాళ్లే.

4. పద్ధతి ఏదైనా బ్యాలెట్ తేలిగ్గా ఉండాలి.

1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా కావాలని కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు. దానికి అక్షరాస్యత ఎక్కువ కావాలి, పైగా సభ ముక్కలవుతుంది అన్నారు. అప్పటి దేశానికి అది సరైన మాటే. అంకెలు వేసే బ్యాలెట్ విషయంలో ఇప్పటికీ ఆలోచించాల్సిందే. అంకెకు బదులు టిక్కు పెట్టి, సంతకం చేసి ఓటు చెల్లకుండా చేసుకునే పట్టభద్రులు ఉన్నారు. అందుకే అసెంబ్లీకి జర్మనీలోలా రెండు ఓట్లు మేలు. అభ్యర్థికి ఒక ఓటు, పార్టీకి ఒక ఓటు. నేపాల్ కూడా 2015 రాజ్యాంగంతో 275లో 165 స్థానాలు నియోజకవర్గాల నుంచి, 110 పార్టీ ఓటు దామాషాలో నింపుతోంది. అక్కడ ప్రభుత్వాలు తరచూ మారుతూ వచ్చాయన్నదీ నిజమే. కాబట్టి పూర్తి దామాషా నేను అడగను.

5. జాబితా ఎవరు రాస్తారన్నదే అసలు చిక్కు.

దామాషా సీట్లను పార్టీ ఇచ్చిన పేర్ల జాబితా నుంచి వరుసగా నింపుతారు. మన పార్టీల్లో బీ-ఫారం ఇచ్చేది ఎవరో అందరికీ తెలుసు. జాబితా కూడా ఆ చేతికే ఇస్తే, జనం ముఖం చూడనివాళ్లు సభలో కూర్చుంటారు. ఈ అభ్యంతరం నాకు బరువైనదే. పార్టీ సభ్యులు రహస్య ఓటుతో వరుస తేల్చాలి, పోలింగ్‌కు ముందే ప్రకటించాలి, తర్వాత మార్చకూడదు. ఈ మూడూ చట్టంలో లేకపోతే దామాషా వద్దనే చెబుతాను.

6. చిన్న పార్టీలకు భయపడొద్దు.

ఇప్పటి పద్ధతిలో చిన్న పార్టీ నిలవడమే కష్టం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం పార్టీకి 16 శాతం పైగా ఓట్లు వస్తే 294లో దక్కినవి 18 సీట్లు. రెండేళ్లకే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జమ్మలమడుగు తాలూకాలో పుట్టిన ఎద్దుల ఈశ్వరరెడ్డిని కమ్యూనిస్టుగా నాలుగుసార్లు లోక్‌సభకు పంపిన జిల్లా మనది. కులానికో పార్టీ పుడుతుందన్న భయానికి జర్మనీలోలా 5 శాతం గీత చాలు.

7. పోలింగ్ బూత్‌కు రాలేని ఓటును ఏ పద్ధతీ కాపాడదు.

2021లో పులివెందుల మున్సిపాలిటీలో 33 వార్డులూ పోటీ లేకుండానే వైసీపీకి ఏకగ్రీవమయ్యాయి. 2025 ఆగస్టులో పులివెందుల మండల జడ్పీటీసీ ఉపఎన్నికలో అదే పార్టీకి 683 ఓట్లు వచ్చి డిపాజిట్ పోయింది. తమ ఓటర్లను అడ్డుకున్నారని వాళ్లన్నారు, జనం ఇన్నేళ్లకు స్వేచ్ఛగా ఓటేశారని టీడీపీ అన్నది. ఎవరి మాట నమ్మినా, ఒకే ప్రాంతం నాలుగేళ్లలో ఇలా తిరగబడడం నన్ను కలవరపెడుతుంది. బందోబస్తు, నిష్పక్షపాత అధికారులు, బూత్‌లో ప్రతి పార్టీ ఏజెంటు, ఇవి ముందు ఉండాలి.

8. అడగాల్సింది ఇప్పుడే.

1999లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ తన 170వ నివేదికలో, లోక్‌సభ స్థానాలను 25 శాతం పెంచి, పెరిగినవాటిని దామాషాలో నింపమంది. ఆ ఆలోచనకు మన రాష్ట్రంలో సరిగ్గా సరిపోయే చోటుంది. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ మన అసెంబ్లీ సీట్లను 175 నుంచి 225కు పెంచమంటోంది. అవి ఇంకా రాలేదు. వచ్చే ఆ 50 సీట్లకు మళ్లీ కొత్త హద్దులు గీయకుండా, పార్టీ ఓట్ల దామాషాలో నింపితే? 2024 ఓట్లతో వైసీపీకి ఇంకో ఇరవై, 2019 ఓట్లతో టీడీపీకి ఇంకో ఇరవై వచ్చేవి. మీ ఊరి ఎమ్మెల్యే ఎమ్మెల్యేగానే ఉంటారు. దీనికి పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించాలి, నిజమే. కానీ హద్దులు గీసేశాక మన మాట వినేవాళ్లుండరు. అందుకే రేపు మీ వీధికి ఏ పార్టీ నాయకుడు వచ్చినా, ఆ 50 సీట్లు ఎలా నింపుతారని అడగండి నాయనా.