పేర్లు దగ్గర, పనులు వేరు



ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో ఉండే తేడా. తల్లి పెంపకంలో లోపం కాదు. అమెరికాలో దీని పేరున పనిచేసే సంఘాలు చాలా ఉన్నాయి. అక్కడి మన బంధువులు వాటి పేర్లు చెబితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. కాని తేడా ఉంది.

1. ఆటిజం సొసైటీ: 1965లో ముఖ్యంగా తల్లిదండ్రులు కలిసి ప్రారంభించారు.

2. ఆటిజం స్పీక్స్: 2005లో ఆటిజం ఉన్న ఒక బాబు తాత, అమ్మమ్మ స్థాపించారు. ఆటిజాన్ని నయం చేయాలనే మాటను 2016లో తన లక్ష్యాలనుండి తీసివేసింది.

3. ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్: 2006లో ఆటిజం ఉన్నవారే ప్రారంభించారు. మమ్మల్ని అడగకుండా మా గురించి నిర్ణయాలు చేయవద్దని వీరి వాదన.

మరి ఎవరి మాట వినాలి? మాటలు రాని బిడ్డ తరఫున తల్లి మాట్లాడక తప్పదు. అయితే తల్లి పడే అలసట వేరు, బిడ్డ పడే ఇబ్బంది వేరు. చెవులు మూసుకునే బిడ్డ కూడా మనకేదో చెబుతున్నాడు. బొమ్మల కార్డులతోను, టైపు చేసియు తమ మనసు తెలిపేవారున్నారు. ఇద్దరి మాటా వినాలి.

ఏ సంఘానికైనా డబ్బు పంపేముందు పూర్తి పేరు చదవండి. కమిటీలో ఆటిజం ఉన్నవారు ఉన్నారా, డబ్బు దేనికి ఖర్చవుతుంది అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.