ఏటిలో పడవ
(బీజీయ భిన్నాల కూడిక, తీసివేత)

పిల్లలూ! పేరాక్ నదిలో ఒక పడవ ఏటికి ఎదురుగా 24 కి.మీ. పోయి, అదే దారిన తిరిగి వచ్చిందనుకొందాం. నిలకడ నీటిలో పడవ వేగం గంటకు య కి.మీ., ప్రవాహ వేగం గంటకు 2 కి.మీ. ఎదురు పోయేటప్పుడు ప్రవాహం పడవను వెనక్కు నెడుతుంది కనుక వేగం య − 2. వాలున వచ్చేటప్పుడు య + 2. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది గదా!

పోవడానికి: 24/(య − 2) గంటలు
రావడానికి: 24/(య + 2) గంటలు

మొత్తం కాలమెంత? కొందరు లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడి 48/(2య) అని వ్రాస్తారు. ఇది సరియేనా? య = 10 అనుకొని చూడండి. పోవడానికి 24/8 = 3 గంటలు, రావడానికి 24/12 = 2 గంటలు; మొత్తం 5 గంటలు. 48/20 అంటే రెండున్నర గంటలైనా కాదు! పోవడానికే 3 గంటలు పట్టితే, పోయి రావడానికి అంతకన్న తక్కువ ఎలా పడుతుంది?

1/2, 1/3 లను కూడేటప్పుడు రెండింటికీ 6ను హారంగా చేస్తాం. ఇక్కడా అంతే. ఈ హారాల క.సా.గు. (య − 2)(య + 2), అనగా య² − 4. మొదటి భిన్నం లవహారాలను (య + 2)తోను, రెండవదాని లవహారాలను (య − 2)తోను గుణించాలి.

మొత్తం కాలం
= [24(య + 2) + 24(య − 2)]/(య² − 4)
= 48య/(య² − 4)

య = 10 అయితే 480/96 = 5 గంటలు. సరిపోయింది.

పోవడానికి ఎంత ఎక్కువ కాలం పట్టింది? ఇప్పుడు తీసివేయాలి.

[24(య + 2) − 24(య − 2)]/(య² − 4)
= [24య + 48 − 24య + 48]/(య² − 4)
= 96/(య² − 4)

రెండవ 48 ముందు గుర్తు చూచారా? కుండలీకరణం ముందు − ఉంటే లోపలి గుర్తులన్నీ మారుతాయి. అది మరచి − 48 అని వ్రాస్తే జవాబు సున్న వస్తుంది. అంటే ఎదురీతకూ వాలుకూ ఒకే కాలమన్నమాట! ఏ పడవవాడైనా ఒప్పుకొంటాడా?

జ్ఞాపకముంచుకోండి: హారం సున్న కారాదు. య = 2 అయితే పడవ ఏటికి ఎదురు కదలనే కదలదు.

అభ్యాసం
1. 3/య + 5/(2య) ఎంత?
2. 30/(య − 1) − 30/(య + 1) ఎంత? య = 4 అనుకొని మీ జవాబును సరిచూడండి.