పికప్ బండి నుండి ఇంజను దింపుట: పనివారి దేహరక్షణ

పట్టణముల పొలిమేరలలో, రహదారుల ప్రక్కన వెలసిన మెకానిక్ షెడ్లలో తరచుగ జరుగు పనులలో ఇంజను దింపుట యొకటి. కూరగాయలు, పాల క్యానులు, సిమెంటు బస్తాలు మోయు పికప్ బండ్లు ఏండ్ల తరబడి తిరిగిన పిదప వాటి ఇంజనును బయటికి తీసి బాగుచేయింపక తప్పదు. ఈ పనిని షెడ్డులోనివారు చూచి నేర్చుకొందురే గాని చదివి నేర్చుకొనరు. అందువలన గురువు పనితనముతోపాటు గురువుకు గల అజాగ్రత్త కూడ శిష్యునకు అబ్బును. ఇంజను విప్పు విద్య మేస్త్రీలకు మాకంటె బాగుగ తెలియును. ఆ పనిలో చేతులు, కన్నులు, ఊపిరితిత్తులు ఎక్కడెక్కడ అపాయమునకు లోనగునో, పని జరుగు వరుసలోనే ఇచట వివరించుచున్నాము. ముందుభాగమున బానెట్టు క్రింద డీజిలు ఇంజను గల బండిని దృష్టియందుంచుకొని వ్రాసినదిది.

బండి వచ్చి నిలిచిన వెంటనే పనికి పూనుకొనరాదు. రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో బంధించి యుంచును. ఆ ఒత్తిడి వలన 100 డిగ్రీలు దాటినను నీరు మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణముననే అది ఆవిరియై పైకి చిమ్మి ముఖమును, మెడను కాల్చును. మూతపై గుడ్డ కప్పి త్రిప్పుట పలువురికి అలవాటు. ఆ గుడ్డ వేడినీటిని పీల్చుకొని చేతికే అంటుకొనును. రేడియేటరుపై అరచేయి ఆనించి నిలుపగలిగినంత చల్లారిన పిదపనే మూత తీయవలెను. కాలినచోట 20 నిమిషములపాటు ధారగా చన్నీరు పోయవలెను. ఇంకు, టూత్‌పేస్టు, నూనె మొదలగునవి పూయరాదు.

దింపిన కూలెంటును ఎందులో పట్టుచున్నారన్నది కూడ ముఖ్యమే. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవము తియ్యగా నుండును, రంగు చూడ ముచ్చటగా నుండును. కాని మూత్రపిండములను చెడగొట్టి ప్రాణము తీయు విషమది. శీతల పానీయముల ఖాళీ సీసాలలో దానిని పోసి మూలనుంచుట పసిపిల్లలున్న చోట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. త్రాగినట్లు అనుమానము కలిగినచో, బాధ కనబడువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

బ్యాటరీకి ముందుగా నెగెటివు తీగను విప్పవలెను. పాజిటివును ముందు విప్పునపుడు పానా బండి ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజన్ వాయువు అంటుకొని పేలుటకు ఒక్క రవ్వ చాలును. ఆమ్లము కంటిలో పడినచో రెప్పలు విప్పి కనీసము 20 నిమిషములు నీటితో కడిగి, ఆ పిమ్మట వైద్యుని వద్దకు పోవలెను. ఇక డీజిలును గొట్టముతో నోట పీల్చి తీయుట మానవలసిన అలవాటు. అది కడుపులోనికి పోవుటకంటె ఊపిరితిత్తులలోనికి పోవుట ఎక్కువ ప్రమాదకరము. మ్రింగినవానికి ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు. బయటికి వచ్చునపుడు మరల అది ఊపిరితిత్తులలోనికే దిగవచ్చును.

ఇంతవరకు చెప్పినవి జాగ్రత్తపడినచో తప్పిపోవు చిన్న పనులు. అసలు అపాయము ఇంజనును బండికి బిగించిన చివరి బోల్టు ఊడినప్పుడు ఆరంభమగును. రెండున్నర లీటర్ల డీజిలు ఇంజను బరువు 200 కిలోలకు అటునిటుగా నుండును. బండిలో నున్నంతవరకు ఆ బరువును ఎవరును తలంపరు. గొలుసునకు వ్రేలాడిన పిదప, దానికి ఆధారము ఏదో, ఆ ఆధారమునకు ఆధారము ఏదో చూడవలసియున్నది. పెక్కుచోట్ల రేకుల షెడ్డు పైకప్పును మోయు పైపునకే చైను బ్లాకును తగిలింతురు. రేకుల బరువు కొరకు వేసిన పైపు ఇంజను బరువును మోయునన్న నమ్మకము లేదు. చెట్టుకొమ్మ సంగతియు అంతే. లోపల పుచ్చిన కొమ్మ పైకి పచ్చగనే కనిపించును. ముక్కాలి దూలమును నిలిపినచో దాని మూడు కాళ్లను అడుగున గొలుసుతో కలిపి కట్టవలెను. లేనిచో గచ్చుపై నూనె మరకలకు కాళ్లు జారి విడిపోవును.

గొలుసు కట్టు తీరునందు ఒక లెక్క కలదు. రెండు పాయల గొలుసుతో 200 కిలోల బరువు నెత్తునపుడు, పాయల నడుమ కోణము 60 డిగ్రీలున్నచో ఒక్కొక్క పాయపై సుమారు 115 కిలోల లాగుడు పడును. కోణము 120 డిగ్రీలైనచో ఒక్కొక్క పాయయు 200 కిలోలు మోయవలసివచ్చును. గొలుసు పొట్టిదై కోణము 150 డిగ్రీలకు విచ్చుకొన్నచో ఒక్కొక్క పాయపై 386 కిలోలు పడును. ఇంజను బరువు పెరుగలేదు, కాని గొలుసునకు మాత్రము దాదాపు రెండింతలైనది. పొట్టి గొలుసుతో సరిపెట్టుకొనువారు ఈ లెక్కను గమనింతురు గాక. కొబ్బరి మోకు, నైలాను త్రాడు ముడివేసి ఎత్తుట ఎంతమాత్రమును తగదు.

ముందుగా రెండంగుళములు మాత్రమే ఎత్తి ఆగవలెను. ఏ తీగ, ఏ గొట్టము ఇంకను పట్టియున్నదో అప్పుడు తెలియును. గేరు పెట్టెను బండిలోనే విడిచినచో దాని క్రింద జాకీ యుండవలెను. ఈ సమయముననే ఇంజను గేరు పెట్టెను వదలక మొరాయించును. కుర్రవాడు ఒకడు ఆ సందులో వ్రేలు పెట్టి, ఎచట పట్టినదో తడవి చూచును. మరియొకడు అవతల నుండి ఇంజనును ఊపును. వ్రేళ్లు తెగిపోవుట చాలవరకు ఇట్లే జరుగును. సందులో చూచుటకు టార్చిలైటు, కదపుటకు ఇనుప గడ ఉపయోగింపవలెను. వ్రేలు ఈ రెండింటికిని తగినది కాదు. ఉంగరములు, కడియములు, మెడలోని కండువా ముందే తీసివేయవలెను. బిగుతుగా నున్న ఉంగరము బోల్టునకు తగులుకొన్నచో వ్రేలి చర్మమంతయు ఒలిచినట్లు ఊడివచ్చును.

ఇంజను పైకి తేలిన పిదప, చైను బ్లాకు ఒకేచోట బిగించి యుండుటచే, బండినే వెనుకకు నెట్టుదురు. అందుకై చక్రముల అడ్డు దిమ్మలను తీయుదురు గదా. ఆ సమయమున బండికిని ఇంజనుకును నడుమ ఎవరును నిలువరాదు. ఇంజను క్రింద వంగుట, దానిని భుజముతో ఆపుట చేయరాదు. ఊగుచున్న 200 కిలోల ఇనుమును ఆపగల భుజము లేదు. బండి తొలగిన వెంటనే ఇంజనును బల్లపైకి గాని నేలపై దిమ్మలమీదికి గాని దింపవలెను. భోజనమునకు పోవుచు దానిని వ్రేలాడగట్టి పోవు షెడ్లు లేకపోలేదు! 14 ఏండ్లు నిండని బాలురను ఇట్టి పనికి కూలికి పెట్టుకొనుట 2016 నాటి చట్ట సవరణ ప్రకారము నిషిద్ధమని యజమానులు ఎరుగవలెను.

ఎవరి కాలైనను, చేయైనను బరువు క్రింద నలిగినచో ముందు బరువును ఎత్తి, 108కు ఫోను చేయవలెను. ఎంతసేపు నలిగియున్నదో వైద్యునికి తప్పక చెప్పవలెను. నలిగిన కండరముల నుండి రక్తములో చేరు పదార్థములు మూత్రపిండములను దెబ్బతీయును. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగ అదిమి పట్టవలెను. పసుపు, కాఫీ పొడి, గ్రీజు గాయములో కూరరాదు. తెగిన వ్రేలిని పారవేయక, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డలు గల పాత్రలో నుంచి రోగితోపాటు పంపవలెను. మంచు నేరుగ వ్రేలికి తగులరాదు. ఎంత త్వరగా చేరినచో మరల అతికించుటకు అంత అవకాశము కలదు. ధనుర్వాతపు సూదిని గూర్చి అచటనే అడుగవలెను.

గేరు పెట్టె నుండి విడిన క్లచ్చుపై నల్లని దుమ్ము పేరుకొని యుండును. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత రోగమును కలిగించును. కావున గాలి గొట్టముతో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను.

సాయంకాలము చేతులు కడుగుకొనుట మిగిలినది. మసిలో నుండు పదార్థములు చర్మమునకు క్యాన్సరు కలిగించునని లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో పొగగొట్టములు శుభ్రముచేయు పనివారిని పరీక్షించి చెప్పెను. వారికి పుండ్లు లేచినది వృషణముల చర్మముపై. వాడిన ఇంజను నూనె నలుపునకు కారణము చాలవరకు అట్టి మసియే. నూనె గుడ్డను ప్యాంటు జేబులో దోపుకొని దినమంతయు తిరుగువారికి ఆ నూనె తొడలకు, గజ్జలకు ఇంకుచుండును. గుడ్డను జేబులో నుంచరాదు. నూనెపడిన బట్టలను ఆ దినముననే మార్చవలెను. చేతులను పెట్రోలుతో, థిన్నరుతో కడిగినచో చర్మములోని సహజమైన జిడ్డు పోయి పగుళ్లు ఏర్పడును. ఆ పగుళ్ల ద్వారా నల్లనూనె మరింత లోనికి పోవును. కొబ్బరినూనెతో ముందు రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ పిమ్మట సబ్బుతో కడుగుట మేలు. చేతులపై గాని గజ్జలయందు గాని మానని పుండు, పెరుగు పులిపిరి కనిపించినచో వైద్యునికి చూపి, తాను చేయు పని యేదో కూడ ఆయనకు తెలుపవలెను.