పరీక్ష రోజు పొద్దున్నే కడుపునొప్పి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హాస్టల్లో ఉంటుంది. వీక్లీ టెస్టు ఉందంటే చాలు, పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. అంతా నాటకమని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నాటకం కాదండీ, ఆ నొప్పి నిజమే. భయపడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, అరుగుదల మందగించి కడుపులో తిప్పుతుంది. కుక్క తరుముతుంటే పరుగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటిది. ఓఎంఆర్ షీటు ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం నరకం. ఈ సంగతి అమ్మాయికి విడమరిచి చెప్పండి. ‘నాకేదో అయిపోతోంది’ అన్న రెండో భయమైనా తగ్గుతుంది.

నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలమనండి. ఐదు నిమిషాలు చాలు. అయితే పరీక్ష రోజే మొదలుపెడితే కుదరదు. రోజూ పడుకునే ముందు అలవాటు కావాలి.

జాలిపడి టెస్టులు మాన్పించకండి. మానేసిన రోజు హాయిగానే ఉంటుంది, మరుసటి వారానికి భయం రెట్టింపవుతుంది. సగం పేపరు రాసి వచ్చినా మెచ్చుకోండి. ఇంకోమాట, ఆదివారం ఫోన్లో మీ మొదటి ప్రశ్న ఏమిటి? ‘మార్కులెన్ని?’ అనేనా? ‘ఇవాళ ఏం కూర పెట్టారు?’ అని అడిగి చూడండి. వాళ్ల నాన్నగారితో కూడా అడిగించండి.

రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. ‘బతకాలని లేదు’ అన్న మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా, తనను ఒంటరిగా వదలకుండా తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరూ చేయొచ్చు.